మా రోజుల్లో మరకకో పేరుండేది

ఈ కాలం పిల్లలకు లోకంలో ఉన్నది ఒకటే మరక. అరటికాయ తరిగినా మరకే, సైకిలు గొలుసు తగిలినా మరకే, సాంబారు ఒలికినా మరకే, వానకు గోడ మీద దిగిన చార కూడా మరకే. అదీ తెలుగులో రాదు, 'స్టెయిన్' అంటారు. పేరు ఒకటయ్యేసరికి మందూ ఒకటే అయింది. పొట్లం చించు, మెషిన్లో పొయ్యి, మీట నొక్కు. పోకపోతే ఆ గుడ్డ అవతల పారెయ్యి.

మా రోజుల్లో అట్లా కాదు. అరటికాయకు కర, మామిడికాయకు సొన, పనసకాయకు బంక, పళ్ళకు గార, ఇత్తడికి చిలుము, ఇనుముకు తుప్పు, లాంతరు గాజుకు మసి, గుడ్డకు మరక, మనిషి పేరుకు మచ్చ. ఏది దేని మీద పడుతుందో, ఎట్లా పడుతుందో, పడితే ఏం చేయాలో ఆ పేరులోనే ఉండేది. పేరు తెలిసినవాడికి విరుగుడూ తెలిసేది. ఇంట్లో ఎవరూ దీన్నొక చదువు అనుకోలేదు గానీ అది చదువే.

వాటన్నిటిలో కర సంగతి చెప్పాలి. ఇప్పుడు ఆ మాట వినబడటమే తగ్గిపోయింది. పాత నిఘంటువుల్లో బండి 'ఱ'తో కఱ అని ఉంటుంది. పక్కన తమిళంలోనూ దాదాపు ఇదే మాట, ఇదే అర్థం. సూళ్లూరుపేట, తడ, సత్యవేడు వైపు రెండు భాషలూ ఒకే వసారాలో కూర్చుంటాయి కాబట్టి మాకు అది ఎవరి మాట అన్న తగువు రాలేదు. పైన కూర్చున్నది మురికి, లోపలికి దిగింది కర. మురికి ఉతికేకొద్దీ వదులుతుంది, కర ఉతికేకొద్దీ ముదురుతుంది. అరటికాయ రసం పడినప్పుడు చూడండి. మొదట నీళ్ళలాగే తేటగా ఉంటుంది, గుడ్డ మీద పడిందని కూడా తెలియదు. గాలి తగిలేకొద్దీ లేత గోధుమరంగు తేలుతుంది. మర్నాటికి నల్లబడుతుంది. అప్పుడు సబ్బు పెట్టి రుద్దేవాళ్ళది వృథా ప్రయాస. అందుకే మా అవ్వ అరటికాయ చేతిలోకి తీసుకునే ముందే అరచేతులకు నూనె రాసుకునేది. తరిగిన ముక్కలు మజ్జిగ నీళ్ళలో వేసేది. కర పట్టాక వదిలించే తెలివి కన్నా కర పట్టకుండా చూసే తెలివి పెద్దదని ఆమె లెక్క.

పసుపు సంగతి ఇంకో రకం. పసుపు పడిన చోట సబ్బు పెడితే ఎర్రబడుతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు అది చూసి గాబరా పడేవాళ్ళు. "ఎందుకే అంత భయం, తడిపి ఎండలో పడెయ్, సూర్యుడే తినేస్తాడు" అనేది అవ్వ. నిజంగానే తినేస్తాడు. పసుపు క్షారానికి ఎర్రబడుతుంది, ఎండకు నిలవదు. హారతి పళ్ళెంలో పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రనీళ్ళయ్యేది ఇందుకే. తుప్పు మరకకు నిమ్మకాయ పిండి, ఉప్పు చల్లి ఎండకు పెట్టాలి. నెత్తురు మరకకు చన్నీళ్ళే పోయాలి, వేడినీళ్ళు పోస్తే అక్కడే గడ్డకట్టుకుని కూర్చుంటుంది. ఇప్పుడు డిగ్రీలు చదివిన పిల్లలు నెత్తురు మరక మీద మరిగే నీళ్ళు పోస్తుంటే నాకు కడుపు మండుతుంది. రసాయనశాస్త్రంలో వాళ్ళకు నూటికి తొంభై మార్కులు వచ్చి ఉంటాయి.

నా బతుకంతా గుడ్డలతో గడిచింది. సూళ్లూరుపేటలో జవళి అంగడిలో గుమాస్తాగా చేరి, గజం బద్ద పట్టుకుని, తల పండేదాకా అక్కడే ఉన్నాను. మా వృత్తిలో రంగు రెండే రకాలు, పక్కా రంగు, కచ్చా రంగు. పక్కా రంగు అంటే పట్టిన రంగు, కచ్చా అంటే పూసిన రంగు. తాను వచ్చిన వెంటనే మా షావుకారు మొదట చేసే పని లెక్క చూడటం కాదు. తాను కొస ఒకటి విప్పి, నీళ్ళలో ముంచి, తెల్ల రుమాలు మధ్యన పెట్టి బొటనవేలితో గట్టిగా నలిపేవాడు. రుమాలు విప్పి వెలుతురులో చూసేవాడు. ఏ మూలైనా గులాబీ ఛాయ కనబడిందా, ఆ తాను వెనక్కి. ఛాయ లేకపోతే ఇంకోసారి ఉప్పునీళ్ళలో ముంచి నలిపేవాడు. ఉప్పునీళ్ళు ఎందుకంటే మా గిరాకీ పులికాట్ సరస్సు మీద బతికేవాళ్ళు. ఇరకం దీవి నుంచి, వేనాడు నుంచి పడవెక్కి వచ్చి పెళ్ళిబట్టలు కొనేవాళ్ళు. వాళ్ళ గుడ్డ మీద రోజూ ఉప్పుగాలి, ఉప్పునీళ్ళు, నెత్తి మీద మండే ఎండ. ఊరివాళ్ళ దగ్గర ఏడాది నిలిచే రంగు వాళ్ళ దగ్గర మూడు నెలలు నిలవదు.

"నాయనా, సాయం పోదు కదా?" అని అడిగేవాళ్ళు. మా వైపు రంగును సాయం అనడమూ ఉంది.

"పోదు పెద్దమ్మా. పోతే తెచ్చి నా మొహాన కొట్టు" అనేవాళ్ళం.

ఆ మాట బిల్లు మీద రాసేది కాదు. నోటిమాటే. నిజంగా రంగు దిగితే తెచ్చేవాళ్ళు, మేం మార్చి ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు పెద్ద పెద్ద అద్దాల అంగళ్ళలో చీరకు ఒక చీటీ కట్టి ఉంటుంది. మొదటిసారి విడిగా ఉతకండి, రంగు దిగే అవకాశం ఉంది అని. దిగే రంగును అమ్ముతూ, దిగుతుందని ముందే చెప్పాం కదా అనడం ఏం వ్యాపారం?

ఈ కోపం నాకు ఊరికే రాలేదు. రంగు దిగకపోవడం అన్న ఒక్క గుణం మీద ఈ పులికాట్ తీరం పేరు ప్రపంచమంతా పాకింది. 1610లో చంద్రగిరి, వేలూరు నుంచి ఏలుతున్న వెంకటపతిరాయల దగ్గర అనుమతి తీసుకుని డచ్చివాళ్ళు పళవేర్కాడులో, అంటే పులికాట్ ఊళ్ళో, దిగారు. ఇప్పుడది తమిళనాడులో తిరువళ్ళూరు జిల్లాలో ఉంది, సరస్సులో పెద్ద భాగం మన తిరుపతి జిల్లాలో ఉంది. 1613 నాటికి అక్కడ గెల్డ్రియా అనే కోట కట్టారు. కోరమాండల్ తీరంలో వాళ్ళ పెత్తనమంతా చాలాకాలం అక్కడినుంచే నడిచింది. వాళ్ళు సముద్రాలు దాటి వచ్చింది మిరియాలు, జాజికాయ, లవంగాల కోసం. అవి దొరికే జావా, మలుకు దీవుల్లో వెండికన్నా మన గుడ్డకే ఆశ ఎక్కువ. అందుకని ఇక్కడ గుడ్డ కొని, అక్కడ మసాలాకు మార్చేవాళ్ళు. ఆ గుడ్డలో గొప్పది ఎరుపు. ఉతికితే ఇంకా తేరుతుంది గానీ పోదు.

ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. తమిళులు సాయవేరు అంటారు. నేల మీద పాకే చిన్న మొక్క, సన్న సన్న ఆకులు, చూస్తే కలుపు మొక్క అనుకుని తొక్కుకుంటూ పోతాం. రంగంతా వేరు బెరడులో ఉంటుంది. ఇసుకనేలలో, అందులోనూ గుల్లల సున్నం కలిసిన సముద్రపు ఇసుకలో పెరిగిన వేరుకు ఎరుపు ఎక్కువ. కృష్ణ వైపు పెటపోలి, అదే నిజాంపట్నం, దగ్గర దొరికే వేరుకు అన్నిటికన్నా గొప్ప పేరు. పులికాట్ అడుగున ఎన్ని గుల్లలున్నాయో మా ఊళ్ళ సున్నపుబట్టీలను అడగండి. అవే గుల్లలు కాల్చి సున్నం చేసి గోడలకు వేసుకున్నాం, తాంబూలంలో రాసుకున్నాం. రెండేళ్ళయినా భూమిలో ఉంటే గానీ వేరు తవ్వడానికి పనికిరాదు. పంట వేసినవాడికి ఓపిక ఉండాలి, అద్దకం చేసేవాడికి అంతకు మించి ఉండాలి.

ఈ తీరం నుంచి పోయిన పులికాట్ రుమాలు అంటే గళ్ళ గుడ్డ, రంగు వేసిన నూలుతో నేసింది. ఇంగ్లీషు నిఘంటువుల్లో 'పుల్లికేట్' అని ఇప్పటికీ ఒక మాట ఉంది, రంగు గళ్ళ చేతిరుమాలు అని అర్థం. ఊరి పేరే గుడ్డ పేరైంది. 18వ శతాబ్దం చివరికి స్కాట్లండ్ మగ్గాల మీద కూడా పుల్లికేట్లు నేశారు. తర్వాత కాలంలో ఈ గళ్ళ గుడ్డే 'మద్రాసు రుమాలు' పేరుతో మన చీరాల వైపు మగ్గాల నుంచి పశ్చిమ ఆఫ్రికాకు పోయింది. నైజీరియాలో కలబారి ఆడవాళ్ళు ఆ గళ్ళ గుడ్డలోంచి ఒక్కొక్క పోగు కోసి తీసేసి కొత్త నమూనాలు తేలుస్తారు. పోగు తీసేకొద్దీ మిగిలిన రంగు నిలబడి ఉండాలి. కచ్చా రంగైతే ఆ కళ పుట్టేదే కాదు.

ఈ రకం ఎరుపు గుడ్డకు ఎట్లా పడుతుందో చూడాలంటే శ్రీకాళహస్తి పోవాలి. మా షావుకారు ఒకసారి సరుకు మాట్లాడి రమ్మని పంపితే పోయి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక కలంకారీ పనివాళ్ళ ఇంట్లో కూర్చున్నాను. కోరా గుడ్డను మొదట పిందె కరక్కాయల పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. పిండి ఎండబెట్టాక ఆ గుడ్డ లేత పసుపుగా, కొంచెం పాలవాసనగా ఉంటుంది. తర్వాత ఇనుపతుక్కు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళు. ఆ నీళ్ళు చూస్తే మురికినీళ్ళు, దగ్గరికి పోతే పులిసిన వాసన. వెదురు కలానికి ఉన్ని చుట్టి, దారంతో కట్టి, ఆ ఉన్నిని వేళ్ళతో ఒత్తుతూ గీత గీస్తే ఆ మురికినీళ్ళు గుడ్డ మీద పడీపడగానే నల్లబడతాయి. కరక్కాయలోని వగరు, ఇనుమూ కలిసిన చోట నలుపు పుట్టింది. అరటికాయ కోసిన కత్తి నల్లబడేది కూడా ఈ వగరు, ఇనుముల పొత్తు వల్లే. అవ్వ వంటింట్లో రానివ్వకూడదని చూసిన పనిని ఇక్కడ కావాలని చేస్తున్నారు.

ఎరుపు ఇంకా ఆశ్చర్యం. ఎరుపు కావలసిన చోట ఎరుపు వేయరు. పటిక నీళ్ళు పూస్తారు. పటికకు రంగు లేదు, పూసిన చోటు తెలియడానికి అందులో కాస్త పోయే రంగేదో కలుపుకుంటారు. ఆరాక పారే నీళ్ళలో జాడించి, పెద్ద రాగిపాత్రలో వేరూ చెక్కా వేసిన నీళ్ళలో గుడ్డను మరగబెడతారు. కర్రతో ఎత్తి ఎత్తి ముంచుతుంటే గుడ్డంతా ఎర్రమట్టి రంగైపోతుంది. పని పాడైపోయిందేమో అనుకున్నాను. తర్వాత పేడనీళ్ళలో నానేసి, నది ఒడ్డున పరిచి, తడుపుతూ ఎండబెడితే పటిక పడని చోట ఎరుపు వదులుకుంటూ పోయింది, పడిన చోట నిలబడింది. నూలును పటిక పట్టుకుంటుంది, పటికను వేరు రంగు పట్టుకుంటుంది. ఆ రెండు పట్లూ కుదిరితే రంగు నూలుతోనే పోవాలి. రంగు వేయడం అన్న మాట వాళ్ళ నోట వినలేదు నేను. రంగు పట్టించడం అనే అంటారు. 1742లో కూర్డూ అనే ఫ్రెంచి పాదిరి ఈ దేశపు రంగుల పని అంతా చూసి, అడిగి, వరస తప్పకుండా రాసి తన దేశానికి పంపాడు. తెలుగు నేర్చుకున్న మనిషి ఆయన. మన విద్య మనం రాసుకోకముందే యూరపు వాళ్ళు రాసుకున్నారు.

ఆ ఎరుపు గురించి ఎంత గర్వంగా చెప్పినా, ఒక మచ్చ గురించి చెప్పకుండా పోతే అన్యాయం. అదే పులికాట్ రేవు నుంచి డచ్చి ఓడల్లో గుడ్డమూటలతో పాటు మనుషులూ పోయారు. 1620ల నుంచి 1660ల దాకా కరువుల్లో, యుద్ధాల్లో చిక్కిన మన తెలుగు, తమిళ జనాన్ని వేలమందిని దళారులు పట్టి అమ్మితే, డచ్చివాళ్ళు కొని జావాలోని బటేవియాకు బానిసలుగా పంపారు. ఇప్పుడు పళవేర్కాడుకు పోయినవాళ్ళు డచ్చి శ్మశానంలో చెక్కిన సమాధిరాళ్ళ ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఆ రాళ్ళ మీద వాళ్ళ పేర్లు, చెక్కిన బొమ్మలు ఇన్ని శతాబ్దాలైనా చెరగకుండా ఉన్నాయి. ఓడలెక్కిన మనవాళ్ళ పేరు ఒక్క రాయి మీదా లేదు. చరిత్ర చెప్పే బోర్డు పెట్టినవాళ్ళు ఆ ముక్క కూడా రాయాలి. రాసేదాకా ఆ మచ్చ డచ్చివాళ్ళది మాత్రమే కాదు, చూసి ఊరుకున్న మనదీను.

చిరివేరు ఎట్లా పోయిందో చెబుతాను. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మనీ శాస్త్రవేత్తలు ఆ ఎరుపుకు మూలమైన అలిజరిన్ అనే పదార్థాన్ని బొగ్గుతారు నుంచి తయారు చేశారు. కొద్ది ఏళ్ళలోనే డబ్బాల్లో పోసి అమ్మారు. 1897 నుంచి నీలిమందుకూ అదే గతి పట్టింది. డబ్బా రంగు చౌక, పని తొందర, రెండేళ్ళు ఆగనక్కరలేదు. వేరు తవ్వే కుటుంబాలు ఆ పని మానుకున్నాయి. నేను డబ్బా రంగును తిట్టను. పుట్టపాక, చీరాల వాళ్ళు తేలియా రుమాళ్ళకు అలిజరిన్ వాడుకుంటూనే నూనె, బూడిదనీళ్ళతో నూలును రోజుల తరబడి పదును చేసి పక్కా రంగు పట్టించారు. రంగు ఎక్కడిదన్నది కాదు నా తగువు. పట్టించే ఓపిక పోయిందన్నదే నా బాధ.

ఆ ఓపిక లేకపోవడాన్ని గొప్పగా అమ్మిన కాలం కూడా ఉంది. 1950ల చివర, 60ల్లో అమెరికాలో 'బ్లీడింగ్ మద్రాస్' అని ఒక ఫ్యాషన్ వచ్చింది. ఉతికినప్పుడల్లా రంగు దిగి పక్క గడిలోకి పాకే మన గళ్ళ గుడ్డ అది. రంగు దిగితేనే అసలైన సరుకు అని అక్కడ ప్రచారం చేశారు. ఆ కబురు మా అంగడికి చేరినప్పుడు షావుకారు అన్నం మానేసినంత పని చేశాడు. మూడు వందల ఏళ్ళ కిందట రంగు దిగదని పేరు తెచ్చుకున్న తీరం, రంగు దిగుతుందన్న పేరుతో అమ్ముకోవలసి వచ్చిందని.

ఇక ఉతుకుడు సంగతి. మా వీధి బట్టలన్నీ కాళంగి నది ఒడ్డున రేవుకు పోయేవి. ఉతికే కుటుంబంలో పెద్దామెను మేమంతా పెద్దమ్మా అనేవాళ్ళం. మూట విప్పి కూర్చుని మరకలు ఏరి, ఏది దేని మరకో వాసన చూసి చెప్పేది. చౌడు మట్టి కలిపిన నీళ్ళలో బట్టలు పిండి, బానలో ఉబ్బకు వేసి, కింద మంట పెడితే రాత్రంతా ఆవిరి పట్టేది. పొద్దున్నే బండ మీద ఉతుకు. మల్లెపువ్వులా తిరిగొచ్చేవి. ఎవరి గుడ్డ ఎవరిదో కలవకుండా నల్లజీడికాయలో సూది గుచ్చి, ఆ రసంతో గుడ్డ మూలన చుక్కలో గీతలో పెట్టి, పైన సున్నం అద్దేది. మా ఇంటికి రెండు చుక్కలు, ఒక అడ్డగీత. గుడ్డ చిరిగి పేలికలయ్యేదాకా ఆ గుర్తు పోయేది కాదు. ఆ రసం ఒంటికి తగిలితే పుండు పడుతుంది కాబట్టి పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. మరక వదిలించేదీ ఆమే, చెరగని మరక పెట్టేదీ ఆమే. రెండూ తెలిసినవాళ్ళకే గుడ్డ విలువ తెలుస్తుంది. ఆ చదువుకు ఎవరూ సర్టిఫికెట్టు ఇవ్వలేదు, మర్యాద కూడా సరిగా ఇవ్వలేదు. ఆమెను ఇంటి బయటే నిలబెట్టి మూట అందించిన కాలం అది. ఆ ఒక్క విషయంలో మా రోజులు మంచివని చెప్పను.

కావాలని పెట్టే మరక ఇప్పుడు ఒక్కటే మిగిలింది, ఓటు సిరా. 1962 ఎన్నికల నుంచి వేలికి పెడుతున్నారు. మైసూరులో తయారవుతుంది, అందులో వెండి లవణం ఉంటుంది, వెలుతురు తగిలితే నల్లబడి చర్మంలోకి దిగుతుంది. నూనె, నిమ్మకాయ, సబ్బు ఏది పెట్టినా పోదు. ఈ మరక విలువ తెలుసు కదా జనానికి, వేలెత్తి ఫోటో దిగుతారు.

గోరింటాకు కూడా మిగిలి ఉందంటారేమో. ఆషాఢంలో చెట్టు దూసి, రోట్లో మెత్తగా రుబ్బి, చిటికెడు చింతపండు వేసి, రాత్రి పెట్టుకుని అన్నం ఇంకొకరు కలిపి పెడితే తిని, పొద్దున్నే కడుక్కుంటే పండిన నారింజ ఎరుపు. రోజు గడిచేకొద్దీ ముదిరేది. చేయి పట్టుకుని చూసి "బాగా పండింది" అనేవాళ్ళు. పండటం అన్న మాట ఎంత బాగుందో చూడండి. ఇప్పుడు కోను కొంటారు. పది నిమిషాల్లో నలుపు కావాలి. ఆ తొందర నలుపు కోసం కొన్ని కోన్లలో జుట్టుకు వేసే రంగు మందు కలుపుతారు. మా మనవరాలికి పెళ్ళికి ముందు ఆ నలుపు కోను పెట్టి మణికట్టు అంతా బొబ్బలెక్కింది. "అబ్బోడా, చెట్టు పెరట్లోనే ఉంది కదరా" అని మా మనవణ్ణి కసిరితే, "దూసి రుబ్బేదానికి ఎవరికి తీరిక తాతా?" అన్నాడు. పెళ్ళికి తీరిక లేనివాడికి దేనికుంటుంది?

సరస్సు మీద కూడా ఇదే కథ. మా చిన్నప్పుడు వలలు నూలువి. ఉప్పునీళ్ళకు కుళ్ళకుండా చెట్టు చెక్క మరగబెట్టిన కషాయంలో వలను ముంచి, గట్టు మీద ఆరేసేవాళ్ళు. వల ముదురు గోధుమరంగుకు తిరిగేది. అంటే వలకు కర పట్టించడమే. వారాలు గడిచాక మళ్ళీ ముంచాలి. ఇప్పుడు నైలాన్ వలలు. రంగు పట్టించాల్సిన పని లేదు, కుళ్ళదు, నిజమే. తెగిన ముక్క నీళ్ళ అడుగున ఏళ్ళ తరబడి పడి ఉండి పీతల్ని, తాబేళ్ళను చుట్టుకుంటుంది. నూలు వల తన ఆయుష్షు తీరాక మట్టిలో కలిసేది. చలికాలంలో మా నీళ్ళకు వచ్చే ఫ్లెమింగోలు ఉన్నాయే, వాటి గులాబీ రంగు కూడా తిండి నుంచి పట్టిన రంగే. పిల్లలుగా బూడిదరంగులో ఉంటాయి. నీళ్ళలోని నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగులు తినగా తినగా ఆ రంగు ఈకల్లోకి ఎక్కుతుంది. నీళ్ళలో తిండి తగ్గితే రంగూ వెలుస్తుంది. పక్షుల పండుగకు ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు ఆ నీళ్ళలో ఏం కలుస్తున్నదో కూడా చూస్తే బాగుంటుంది.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈ మధ్య మా చిన్న కోడలు తిరుపతిలో కలంకారీ చీర కొన్నానని మురిసిపోతూ తెచ్చి చూపించింది. నేను తిరగేసి చూశాను. వెనకవైపు తెల్లగా పాలిపోయి ఉంది. గీతలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే మందం. కలంతో గీసిన గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, చేయి ఆగిన చోట చుక్క పడుతుంది. రంగు పట్టిన గుడ్డకు వెనకాముందూ దాదాపు ఒకటే ఛాయ ఉంటుంది. ముక్కుకు దగ్గర పెడితే పాలు, కరక్కాయ కలిసిన వాసన కొంచెమైనా మిగిలి ఉంటుంది. ఈ చీరకు మిల్లు వాసన. మెషిన్ మీద బొమ్మ అచ్చేసి కలంకారీ అని పేరు పెట్టారు. "పోనీలే మామా, చూసేదానికి అట్లానే ఉంది కదా" అంది. చూసేదానికి అట్లా ఉంటే చాలా? శ్రీకాళహస్తి కలంకారీకి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1950ల చివర్లో ఆ పని చచ్చిపోయే దశలో ఉంటే కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారి లాంటి పాతవాళ్ళ చేత కొత్తవాళ్ళకు నేర్పించి నిలబెట్టారు. ఆయన కొడుకు గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. అంత పాటుపడి నిలబెట్టిన పేరును ఎవడో సూరత్ అచ్చు చీర మీద అంటించి అమ్ముతుంటే అడిగేవాడు లేడు. ఆ అచ్చు చీర అచ్చు చీరగానే అమ్మండి, నాకేం అభ్యంతరం లేదు. పేరు మాత్రం వాళ్ళది వాళ్ళకు వదిలిపెట్టండి.

పనివాళ్ళకు ఇంకో కష్టం నీళ్ళది. స్వర్ణముఖిలో పారే నీళ్ళుండేవి కాబట్టి కాళహస్తిలో ఈ విద్య నిలిచింది. ఎక్కువైన పటిక, ఎక్కువైన రంగు పారే నీళ్ళలోనే వదులుతుంది, నిలవ నీళ్ళలో ఉతికితే ఆ రంగే మళ్ళీ గుడ్డకు అంటుకుని మరకలు తేలుతుంది. ఇప్పుడు నదిలో ఇసుక పోయింది, వానల్లో తప్ప పారకం తగ్గింది, ఊరి మురుగు కలుస్తోంది. బోరునీళ్ళ తొట్లలో జాడించుకుంటున్నారు. బోరునీళ్ళలో ఏ ఊళ్ళో ఏ లవణం ఉంటుందో, దాన్నిబట్టి ఎరుపు మారిపోతుంది. శాలువాలు కప్పే ముందు కాళహస్తి పనివాళ్ళకు ఒక మంచినీటి కాలువ ఇవ్వండి.

ఇంకో మాట అధికారులకూ, చదువుకున్న పిల్లలకూ కలిపి చెబుతున్నాను. తడ నుంచి వాకాడు దాకా తీరం వెంట ఇసుకనేల ఉంది. అందులో గుల్లల సున్నం ఉంది. పక్షుల సంరక్షణ కేంద్రం హద్దుకు ఇవతల, రైతు సొంత నేలలో, ఒక్క ఎకరం చిరివేరు వేసి చూడండి. మందులు గుమ్మరించాల్సిన పంట కాదు. రెండేళ్ళు ఆగండి. తవ్విన వేరు కాళహస్తికి పంపి, పటిక పెట్టిన గుడ్డ మీద పట్టించి, మా అంగడిలో చేసినట్టు ఉప్పునీళ్ళలో ముంచి తెల్ల రుమాలు మధ్యన పెట్టి నలపండి. గులాబీ ఛాయ దిగితే తెచ్చి నా మొహాన కొట్టండి.